కూల్చే ముందు ఒక్కసారి హిజుచి బడిని చూడండి: పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం.

మన రాష్ట్రంలో 1950లు, 60లలో కట్టిన ప్రభుత్వ బడి భవనాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వేసవి సెలవులు రాగానే వాటిలో కొన్ని శిథిల భవనాల జాబితాలోకి ఎక్కుతాయి. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ చోట చదును చేసిన నేల కనిపిస్తుంది. ఇలాంటి జాబితాల మీద సంతకాలు పడే ముందు జపాన్‌లో ఒక చిన్న ఊరి బడికి ఏం జరిగిందో మీ దృష్టికి తేవాలని నా ప్రయత్నం. నేను ఆర్కిటెక్ట్‌ని. చదువుకున్నది జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఆ బడి గోడల మధ్యే నాకు భవనాల మీద ఇష్టం పుట్టింది కాబట్టి, ఇది నాకు వృత్తి విషయం మాత్రమే కాదు.

జపాన్ నాలుగు ప్రధాన దీవుల్లో చిన్నది షికోకు. దాని పడమటి అంచున, ఎహిమే ప్రాంతంలో, సముద్రం పక్కన యావతహామా అనే పట్టణం ఉంది. చుట్టూ కొండలు, కొండల నిండా మెట్లు మెట్లుగా కమలా తోటలు. 1955లో ఆ పట్టణంలో కలిసిన పల్లెల్లో హిజుచి ఒకటి. మరుసటి ఏడాది, 1956లో, హిజుచి ప్రాథమిక పాఠశాలకు ఒక కొత్త చెక్క భవనం కట్టారు. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా ఆ ఏడాదే. 1958లో దాని పక్కన, ఏటి ఒడ్డున, రెండో భవనం లేచింది. రెండూ రెండంతస్తులవే. కట్టించింది మున్సిపాలిటీ, గీసింది మున్సిపాలిటీ ఉద్యోగి.

ఆ రోజుల జపాన్ ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు. యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు కాలిపోయాయి. 1947లో కొత్త విద్యా చట్టం వచ్చి తొమ్మిదేళ్ల చదువును అందరికీ తప్పనిసరి చేసింది. పిల్లలు వచ్చారు, గదులు లేవు. చాలాచోట్ల ఆరుబయట ఆకాశం కిందే పాఠాలు జరిగాయి. మనకిది కొత్త సంగతి కాదు. పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని మన రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్న రోజుల్లో మన ఊళ్లలో బడి అంటే చాలావరకు చెట్టు కిందో, గుడి మండపంలోనో, ఎవరో ఇచ్చిన పాకలోనో నడిచేది.

అంత తొందరలో, అంత డబ్బు కొరతలో, ఎవరైనా ఏం చేస్తారు? ఒక నమూనా ప్లాన్ తీసుకుని ఊరూరా అదే కట్టేస్తారు. జపాన్‌లో ఆ నమూనా ఏమిటంటే దక్షిణం వైపు వరుసగా గదులు, ఉత్తరం వైపు పొడుగాటి నడవా. అందులో వెలుతురు ఒక్క పక్క నుంచే వస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడికి ఎండ, నడవా పక్కన కూర్చున్న పిల్లకు చీకటి.

యావతహామా మున్సిపాలిటీలో పనిచేసే మత్సుమురా మసత్సునే ఇందుకు ఒప్పుకోలేదు. ఆయన 1913లో ఎహిమేలోనే పుట్టారు. టోక్యోలో చదివి, అక్కడ పేరున్న ఆర్కిటెక్ట్ కార్యాలయంలో పనిచేశారు. యుద్ధం అయ్యాక సొంత ప్రాంతానికి తిరిగొచ్చి 1947లో మున్సిపాలిటీలో చేరారు. 1960 దాకా, అంటే 13 ఏళ్లు, అక్కడే ఉద్యోగం చేస్తూ బడులు, ఆసుపత్రి భవనాలు గీశారు. పెద్ద కంపెనీ లేదు, బృందం లేదు. మన ఇంజనీరింగ్ సెక్షన్లలో ఏఈ స్థాయి ఉద్యోగి కూర్చునే బల్ల లాంటి బల్ల మీద ఆ ప్లాన్లు పుట్టాయని మీరు అనుకోవచ్చు.

ఆయన హిజుచిలో చేసిన పనిని కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉంది. 1958 నాటి తూర్పు భవనంలో ఆయన తరగతి గదిని నడవా నుంచి విడదీశారు. రెంటికీ మధ్య చిన్న చిన్న ఖాళీ జాగాలు, ఆకాశానికి తెరిచిన పెరళ్లు, వదిలారు. నడవాలోంచి ఒక చిన్న వాకిలి దాటి గదిలోకి వెళ్లాలి. దాంతో ప్రతి గదికీ రెండు పక్కలా కిటికీలు వచ్చాయి. రెండు వైపుల నుంచీ వెలుతురు పడుతుంది. గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు పోతుంది. నడవాలో నడిచే పిల్లల అడుగుల చప్పుడు గదిలోకి రాదు. ఏ గదిలో ఏ మూల కూర్చున్నా పుస్తకం మీద నీడ పడదు.

నిర్మాణం చెక్కదే. అయితే పాత పద్ధతిలో అడుగడుగునా చెక్క గోడలు, అడ్డాలు పెడితే అంత పెద్ద కిటికీలు రావు. అందుకే బరువును, గాలి తాకిడిని తట్టుకోవడానికి సన్నటి ఇనప కడ్డీలను చెక్కతో కలిపి వాడారు. చెక్క చేయాల్సిన పని చెక్కకు, ఇనుము చేయాల్సిన పని ఇనుముకు అప్పగించారు. ఫలితంగా పై నుంచి కింద దాకా అద్దాల కిటికీలతో తేలిగ్గా కనిపించే భవనం తయారైంది. అదేమీ విదేశీ సామగ్రి కాదు, పట్టణ వడ్రంగులు చేయగలిగిన పనే.

మెట్లు చూడండి. ఆరేళ్ల పిల్లల కాళ్లకు తగ్గట్టు ఎత్తు తక్కువగా, వెడల్పు ఎక్కువగా పెట్టారు. చివరన గ్రంథాలయం. దానికి ఒక బాల్కనీ, అది ఏటి మీదికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. పక్కనే ఇనప మెట్లు కూడా ఏటి మీదికే జరిగి ఉంటాయి. పుస్తకం చదువుకునే పిల్లవాడు తల ఎత్తితే నీళ్లు, కొండ, కమలా తోటలు కనిపిస్తాయి. పల్లెటూరి ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు ఇంత అందం అవసరమా అని ఆ మున్సిపాలిటీ అడగలేదు. ఆ ప్రశ్న అడగకపోవడమే నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించే సంగతి.

1960లో బుంగేయి షుంజూ అనే ప్రముఖ పత్రిక జపాన్‌లోని పదిమంది ఉత్తమ ఆర్కిటెక్టులను ఎంపిక చేసింది. హిరోషిమా శాంతి స్మారకాన్ని రూపొందించిన కెంజో టాంగే, ఫ్రాన్స్‌లో ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ ల కార్బూజియే దగ్గర పనిచేసి వచ్చిన కునియో మయెకావా లాంటి వారి సరసన మత్సుమురా పేరు ఉంది. ఒక మారుమూల పట్టణపు మున్సిపల్ ఉద్యోగి పేరు!

తర్వాత చాలా ఏళ్లు దేశం ఆయన్ని మరిచిపోయింది. ఆయన గీసిన బడులు ఒక్కొక్కటిగా పడిపోయాయి. కాంక్రీటు కాలం వచ్చింది, పిల్లలు తగ్గారు, బడులు కలిపేశారు. ఆయన 1993లో కన్నుమూశారు. 1999లో, ఆధునిక భవనాల సంరక్షణ కోసం పనిచేసే డోకోమోమో సంస్థ జపాన్ శాఖ దేశంలో ముఖ్యమైన 20 ఆధునిక భవనాలను ఎంచినప్పుడు హిజుచి బడి ఆ జాబితాలోకి వచ్చింది. అప్పుడు కూడా ఆ ఊరికి అది ఒక పాత చెక్క బడి మాత్రమే.

2004 సెప్టెంబరులో తుపాను వచ్చి ఆ బడిని దెబ్బతీసింది. అద్దాలు పగిలాయి, కప్పు పాడైంది. ఇక్కడి నుంచి జరిగినదంతా మీ కార్యాలయానికి ప్రతి వారం వచ్చే ఫైళ్లలాగే ఉంటుంది. తల్లిదండ్రుల్లో చాలామంది కొత్త భవనం కావాలన్నారు. అది భూకంపాల దేశం. చెక్క బడిలో పిల్లల్ని ఎలా కూర్చోబెడతామని వాళ్లు అడిగారు. ఆ భయం న్యాయమైనది. ఇంకోవైపు అదే బడిలో చదివినవాళ్లు, ఎహిమేలోని ఆర్కిటెక్టులు, మత్సుమురా పని మీద పరిశోధన చేసినవాళ్లు దాన్ని కాపాడాలన్నారు. ఊరు రెండుగా చీలింది.

పట్టణ పాలకులు వెంటనే కూల్చలేదు, అలాగని పట్టించుకోకుండా వదిలేయలేదు. ఒక కమిటీ వేశారు. నిర్మాణ నిపుణుల చేత భవనాన్ని పరీక్ష చేయించారు. ఏది పుచ్చింది, ఏది గట్టిగా ఉంది, ఎక్కడ బలం చాలదు అన్నవి లెక్క తేల్చారు. 2006లో నిలబెట్టాలని నిర్ణయం జరిగింది. పాడైన చెక్క తీసి కొత్తది వేశారు, బాగున్న చెక్కను అలాగే ఉంచారు, భూకంపాన్ని తట్టుకునేలా బలపరిచారు. పాత భవనాల్లో ఇమడని అవసరాల కోసం పక్కనే ఒక కొత్త భవనం కట్టారు. 2009లో పని పూర్తయింది. పిల్లలు తిరిగి అదే గదుల్లో కూర్చున్నారు.

2012లో ప్రపంచ స్మారక నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్), నోల్ అనే ఫర్నిచర్ సంస్థ కలిసి ఇచ్చే ఆధునిక కట్టడాల పరిరక్షణ బహుమతి ఈ బడి మరమ్మతుకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జపాన్ ప్రభుత్వం దాన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. అప్పటికి తూర్పు భవనం వయసు 54 ఏళ్లు. ఆ హోదా వచ్చాక కూడా అది మ్యూజియం కాలేదు, బడిగానే నడిచింది.

మంత్రిగారూ, మన దగ్గర అదే వయసున్న భవనాల సంగతికి వస్తాను.

1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక హైస్కూళ్లు వాటి కిందికి వెళ్లాయి. అంతకు ముందు నుంచీ, 1952లో మొదలైన సమాజ వికాస పథకం రోజుల నుంచీ, ఊళ్లలో బడి కట్టడం అంటే ఊరంతా కలిసి చేసే పని. ఒకరు స్థలం ఇచ్చేవారు. ఇంకొకరు కలప ఇచ్చేవారు. లేనివాళ్లు శ్రమదానంలో ఇటుక మోశారు, మట్టి తవ్వారు. ఇవాళ్టికీ ఎన్నో జడ్పీ హైస్కూళ్లకు స్థలదాత పేరు ఉంటుంది. గుమ్మం పక్కన గోడలో పొదిగిన పాలరాతి ఫలకం మీద ఆ తరం మనుషుల పేర్లు ఉంటాయి. భవనం కూల్చినప్పుడు ఆ ఫలకం ఏమవుతుందో ఎప్పుడైనా అడిగి చూడండి.

ఆ కాలపు మంచి బడిని ఊహించుకోండి. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు. ఎత్తయిన కప్పు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకు. ముందు వెడల్పాటి వరండా, దాని స్తంభాలు. గదికి ఎదురెదురుగా కిటికీలు, వాటి పైన, కప్పు దగ్గర, వేడి గాలి బయటికి పోవడానికి వెంటిలేటర్లు. కింద నాపరాళ్లు. ఇవన్నీ అందం కోసమే పెట్టినవి కావు. ఫ్యాను లేని రోజుల్లో, కరెంటు లేని ఊళ్లో, ఏప్రిల్ ఎండలో నలభైమంది పిల్లలు కూర్చోగలగాలి. కట్టినవాళ్లకు ఆ లెక్క తెలుసు. మత్సుమురా రెండు పక్కల కిటికీలతో సాధించిన పనినే మన మేస్త్రీలు, మన ఇంజనీర్లు వరండాతో, వెంటిలేటర్‌తో, ఎత్తుతో సాధించారు. ఇవాళ మనం మార్చి మధ్యలోనే ఒంటిపూట బడులు పెడుతున్నాం. ఎత్తు తక్కువ స్లాబు కింద మధ్యాహ్నం కూర్చోవడం ఎంత కష్టమో ఆ గదుల్లో పాఠం చెప్పే టీచర్లను అడగండి. పెంకు కప్పు కింద ఆ కష్టం ఎంత తగ్గుతుందో కూడా వాళ్లే చెబుతారు.

మీకు రాగల సందేహాల్లో మొదటిది పిల్లల ప్రాణాలు. నాకూ అదే మొదటిది. 2025 జులైలో రాజస్థాన్‌లోని ఝాలావార్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అలాంటి వార్త చదివిన మంత్రి ఎవరైనా అనుమానం ఉన్న ప్రతి భవనాన్నీ కూల్చేయమనడం సహజం. పడిపోయే భవనంలో ఒక్క పిల్ల కూడా ఒక్క పూట కూడా కూర్చోకూడదు. ఈ మాటలో నాకు రాజీ లేదు. కానీ పాతది అనే మాట, ప్రమాదకరం అనే మాట ఒకటి కావు. 1962లో సున్నంతో కట్టిన గోడ గట్టిగా ఉండి, 1998లో నాసిరకం కాంక్రీటుతో వేసిన స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులు ఊడుతున్న బడులను నేను కళ్లారా చూశాను. ఏది ఎంత ప్రమాదమో తేల్చేది తేదీ కాదు, పరీక్ష. పరీక్ష అయ్యేదాకా గదికి తాళం వేయండి. పిల్లల్ని వేరే చోట కూర్చోబెట్టండి. ఆ తాళం వేసిన కాలంలో నిపుణుడు వచ్చి చూడాలి. మన పద్ధతిలో చాలాసార్లు జరుగుతున్నది వేరు. ఒక పగులు కనబడగానే శిథిలం అని రాస్తారు. మరమ్మతు చేస్తే ఎంతవుతుందన్న కాగితం ఆ ఫైల్లో ఉండదు. ఆ కాగితం లేనప్పుడు కలెక్టరుగారైనా, మీరైనా, కూల్చడం తప్ప ఇంకేం నిర్ణయించగలరు?

రెండోది తొందర. వేల బడులున్న శాఖ ప్రతి బడికీ ప్రత్యేకంగా ప్లాన్ గీస్తూ కూర్చోగలదా? ఇంగ్లండ్‌లో హర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీకి యుద్ధం తర్వాత ఇదే సమస్య వచ్చింది. 1944 చట్టం హైస్కూలు చదువును అందరికీ తెరిచింది, 1947లో చదువు మానే వయసును 15కు పెంచారు, లండన్ నుంచి కుటుంబాలు అటు వలస వస్తున్నాయి. ఇటుకలు లేవు, మేస్త్రీలు లేరు. కౌంటీ సొంత ఆర్కిటెక్టుల విభాగం ఒక ఉపాయం పట్టింది. మొత్తం బడికి కాకుండా బడి భాగాలకు నమూనా తయారుచేసింది. 8 అడుగుల 3 అంగుళాల గళ్ల లెక్కలో అమిరే సన్నటి ఉక్కు స్తంభాలు, ముందే పోతపోసిన పలకలు ఫ్యాక్టరీలో తయారవుతాయి. వాటితో ఏ స్థలానికి తగిన బడి ఆ స్థలంలో కట్టుకోవచ్చు. మొదటివాటిలో ఒకటైన చెషంట్ చిన్నపిల్లల బడి 1948కల్లా సిద్ధమైంది. పదేళ్లలోపే దాదాపు వంద బడులు కట్టారు. అన్నిటికీ భాగాలు ఒకటే, అయినా ఏ రెండు బడులూ ఒకేలా లేవు. ఆ విభాగంలోని డేవిడ్ మెడ్, మేరీ మెడ్ దంపతులు తరగతుల్లో కూర్చుని పిల్లలు ఏ ఎత్తులో చేతులు కడుక్కుంటారో, కిటికీలోంచి ఎంత ఎత్తులో బయటికి చూస్తారో గమనించి కొలతలు నిర్ణయించేవారు. ప్రభుత్వ ఉద్యోగులే చేశారు ఇదంతా. మన విద్యా మౌలిక సదుపాయాల సంస్థలో ఇంత పని చేయగల ఇంజనీర్లు ఉన్నారు. టైప్ డిజైన్, అంటే అన్ని బడులకూ వాడే ఒకే నమూనా ప్లాన్, దాటి ఆలోచిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న టెన్షన్ వాళ్లను ఆపుతోంది.

విదేశీ భవనాలను మక్కీకి మక్కీ కట్టుకుందామని నేను అనడం లేదు. పేరు గొప్ప బడి పిల్లలకు మంచి బడి అయి తీరాలన్న నియమం లేదు కూడా. అదే ఇంగ్లండ్‌లో హన్‌స్టాంటన్‌లో ఆలిసన్, పీటర్ స్మిత్సన్ దంపతులు ఉక్కు, గాజులతో కట్టిన హైస్కూలు 1954లో తెరిచారు. ప్రపంచమంతా దాని ఫొటోలు అచ్చేసింది. లోపల కూర్చున్నవాళ్లు మాత్రం వేసవిలో ఉక్కపోత, చలికాలంలో వణుకు, పగిలే అద్దాలు భరించారు. హిజుచి అద్దాల గోడలు కూడా ఒంగోలు ఎండకు పనికిరావు. మనం నేర్చుకోవాల్సింది ఆకారం కాదు. ఆ ఊరి వెలుతురు, గాలి, వాన, కలప, వడ్రంగి చేతి పనితనం చూసుకుని ఒక ఉద్యోగి బడి గీయడం, ఆ పనిని ఆ పట్టణం యాభై ఏళ్ల తర్వాత కూడా గుర్తించడం, ఇవి నేర్చుకోవాలి.

గుర్తించకపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణలు కూడా తక్కువేమీ లేవు. అమెరికాలో ఫ్లోరిడాలోని సారసోటాలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన రివర్‌వ్యూ హైస్కూలు 1958లో పూర్తయింది. ఫ్లోరిడా ఎండను ఆపడానికి గోడల బయట పలచటి కాంక్రీటు నీడ పలకలు పెట్టిన భవనం అది. ఎండ దేశపు ఆర్కిటెక్టులకు పాఠంలా ఉండేది. కాపాడమని దేశవిదేశాల నుంచి విజ్ఞప్తులు వెళ్లినా 2009లో కూల్చేశారు. ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటారు. మన దేశంలో చండీగఢ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు, కాలేజీల కోసం ఆ నగర నిర్మాణంలో పనిచేసిన ఆర్కిటెక్ట్ పియరె జన్నెరె బృందం తయారు చేయించిన టేకు కుర్చీలు, బల్లలు పాతబడ్డాయని తుక్కు కింద వేలం వేశారు. కొన్నవాళ్లు వాటిని బాగుచేసి యూరప్‌లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చి అమ్మకాలు ఆపేసరికి చాలా సామాను దేశం దాటింది.

మన బడుల టేకు దూలాలకూ అదే జరుగుతోంది. మా జిల్లాలోనే ఒక ఊరి హైస్కూల్లో పాత పెంకుల బ్లాకు కూల్చారు. ఊరి పేరు, బడి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎవరినీ దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. కూల్చే కాంట్రాక్టుతోనే కలప కూడా పోయింది. అరవై ఏళ్లు ఆరిన టేకు, ఇవాళ అడవి నుంచి కొనాలన్నా దొరకని సరుకు, లారీలో ఎక్కి వెళ్లిపోయింది. కొత్త గదుల తలుపులకు ప్లైవుడ్ వాడారు. భవనం పోయిందన్న బాధ ఒక ఎత్తు. దానికి ఒక్క ప్లాన్ కాగితం లేదు, కొలతలు లేవు, ఎవరు గీశారో రికార్డు లేదు, సరైన ఫొటో కూడా లేదు. ఆ బడి ఎలా ఉండేదో ఇక పాత విద్యార్థుల గ్రూప్ ఫొటోల వెనక కనిపించే గోడను చూసి చెప్పుకోవాలి. ఇది మాత్రం నాకు అస్సలు మింగుడు పడలేదు.

చట్టం ఈ భవనాలను కాపాడదు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం వందేళ్లు ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చాక కట్టిన బడి ఏదీ ఇంకో ఇరవై ఏళ్ల దాకా ఆ గీత దాటదు. అప్పటికి ఎన్ని మిగులుతాయి? కాబట్టి వీటికి ఉన్న రక్షణ మీ శాఖ ఉత్తర్వు ఒక్కటే.

మరమ్మతు మన శాఖకు చేతకాని పని కాదని కూడా చెప్పాలి. 2019లో మొదలైన నాడు-నేడు తొలి విడతలోనే 15,715 బడుల్లో పనులు జరిగాయి. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీ, మరమ్మతులు అన్నీ అందులో ఉన్నాయి. ఏ ప్రభుత్వం ఏ పేరుతో చేసిందన్నది నేను పట్టించుకోను. తల్లిదండ్రుల కమిటీలు డబ్బు లెక్క చూసుకుని బడి పని చేయించగలవని అందులో తేలింది. ఆ అనుభవం మీ దగ్గర ఉంది. పాత భవనాన్ని దాని తీరులోనే బాగుచేయడం అన్న పనిని దానికి చేర్చాలి. సున్నం గోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడ ఇంకా పాడవుతుంది. పెంకు తీసేసి రేకు వేస్తే గది పెనంలా కాలుతుంది. మరమ్మతు పేరుతో ఇవి రెండూ జరుగుతున్నాయి, ఎస్టిమేట్ రాసేవారికి వేరే పనులకు రేటు ప్రభుత్వ పనుల ధరల పట్టికలో, అంటే షెడ్యూల్‌లో, సులభంగా దొరకదు కాబట్టి. సున్నం పని, పెంకు పని, పాత కలప మరమ్మతు షెడ్యూల్‌లోకి వస్తే సగం సమస్య తీరుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా బతికే ఉన్నారు, గుళ్ల పనుల్లో కనిపిస్తారు. ఇంకో పదేళ్లు ఆగితే వాళ్లూ ఉండరు.

నేను అడుగుతున్నది పెద్ద పథకం కాదు. 1975కు ముందు కట్టిన బడి భవనం ఏదైనా కూల్చాలని ప్రతిపాదన వస్తే, ఆ ఫైల్లో నిర్మాణ నిపుణుడి పరీక్ష నివేదిక, మరమ్మతు అంచనా, కొత్త భవనం అంచనా పక్కపక్కనే ఉండాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. మూడూ చూశాక కూల్చడమే సరైనదని తేలితే కూల్చండి, నాలాంటి వాళ్లు అడ్డుపడరు. అయితే కూల్చే ముందు కొలతలతో బొమ్మలు గీయించండి, ఫొటోలు తీయించండి. రాష్ట్రంలో ఆర్కిటెక్చర్ కాలేజీలు ఉన్నాయి. మూడో ఏడాది విద్యార్థులకు కొలతల బొమ్మలు గీయడం ఎలాగూ పాఠమే. ఒక బడిని నలుగురు విద్యార్థులు వారంలో పూర్తి చేస్తారు, శాఖకు అయ్యే ఖర్చు వాళ్ల బస్సు చార్జీలు, భోజనం. దాతల ఫలకాలు, టేకు దూలాలు కాంట్రాక్టరుకు వదలకుండా బడి ఆస్తిగానే ఉంచి, ఆ బడి కొత్త గదుల్లోనే వాడమని టెండరులో రాయించండి.

ఇంకొకటి అడగాలని ఉంది. జిల్లాకు ఒకటి చొప్పున, గట్టిగా ఉన్న పాత బడి భవనాన్ని ఎంచి, బాగుచేసి చూపించండి. తీరంలో పెంకుల బడి ఒకటి, కడప వైపు నాపరాతి బడి ఒకటి, అనంతపురం వైపు రాతి గోడల బడి ఒకటి. బాగుచేసిన గదిలో, పక్కనున్న కొత్త స్లాబు గదిలో ఏప్రిల్ నెలంతా థర్మామీటరు పెట్టి చూడమనండి. ఆ అంకెలు వచ్చాక కొత్త టైప్ డిజైన్లలో కప్పు ఎత్తు, వరండా, ఎదురెదురు కిటికీల గురించి నిర్ణయించండి. ఆ పని చేసిన ఇంజనీరు పేరు భవనం మీద రాయించండి. ఇవాళ మన బడుల మీద ప్రారంభించినవారి పేరు, నిధులు ఇచ్చినవారి పేరు ఉంటాయి, గీసినవారి పేరు ఎక్కడా ఉండదు. అందుకే మన మత్సుమురాలు ఎవరో మనకు తెలియలేదు. ఉండే ఉంటారని నా నమ్మకం. 1950లలో పబ్లిక్ వర్క్స్ శాఖలోనో, జిల్లా బోర్డులోనో కూర్చుని, ఫ్యాను లేని గదికి గాలి ఎటు నుంచి రావాలో ఆలోచించిన మనిషి ఎవరో ఒకరు ఆ వరండాను గీశారు. పాత రికార్డు గదుల్లో వెతికిస్తే కొన్ని పేర్లైనా దొరుకుతాయి.

కూల్చివేతలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే జరుగుతాయి కాబట్టి, ఆ సర్క్యులర్ ఏదైనా మార్చి నెలాఖరులోగా మండల స్థాయికి చేరితేనే ఈ ఏడాదికి ఉపయోగం. దాని ముసాయిదా రాయడానికి, పరీక్ష ఎలా చేయాలో, అంచనాలు ఎలా వేయాలో మీ ఇంజనీర్లతో కూర్చుని మాట్లాడడానికి నాలాంటి ఆర్కిటెక్టులం ఫీజు తీసుకోకుండా వస్తాం. ఎక్కడికి, ఎప్పుడు రమ్మన్నా సరే.

భవదీయుడు,
జిల్లా పరిషత్ హైస్కూలు పూర్వ విద్యార్థి, ఆర్కిటెక్ట్